అణువులో ఔషధాన్ని వెదకిన మహనీయుడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

జోలార్పేటలో రైలెక్కి, వాణియంబాడి, ఆంబూరు, గుడియాత్తం దాటి, కాట్పాడిలో దిగి వేలూరు కంటి ఆసుపత్రికి వెళ్ళడం ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలకు తరతరాలుగా తెలిసిన ప్రయాణమే. మగ్గం మీద లుంగీ నేసేవారికి, బీడీలు చుట్టేవారికి, అగ్గిపెట్టెల పనిలో ఉన్నవారికి, పుస్తకం ముందు కూర్చున్న పిల్లవాడికి కన్నే పెట్టుబడి. ఇంద్రియాలన్నిటిలోను కన్ను ముఖ్యమని పెద్దలు ఊరకనే అనలేదు. 1902లో డాక్టర్ ఐడా స్కడర్ వేలూరులో ప్రారంభించిన మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి, కాలక్రమాన షెల్ కంటి ఆసుపత్రిగా మారి, ఇక్కడి ప్రజలకు చూపునిచ్చే చిరునామా అయింది.

అటువంటి ఆసుపత్రులలో కంటికి రాయమని ఇచ్చే చిన్న గొట్టంలోని పసుపుపచ్చని లేపనానికి, కంటి లోపలి వాపునకు వారానికి ఒకసారి మింగమని ఇచ్చే చిన్న మాత్రకు, ఆ మాత్ర చేయగల కీడు నుండి ఒంటిని కాపాడే మరొక మాత్రకు ఒక ఉమ్మడి చరిత్ర ఉంది. ఈ మూడింటి పుట్టుకలోను భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాని మేధస్సు పనిచేసింది. ఆయన కంటి వైద్యుడు కారు. కంటిని గురించి ప్రత్యేకంగా పరిశోధించినవారూ కారు. అంతకంటె విశేషం, ఆయన మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పిన విద్యార్థి. పాఠశాల వజ్రోత్సవాలు, అమృతోత్సవాలు జరుపుకొనే వేళ ప్రథమశ్రేణిలో నెగ్గినవారిని తలచుకోవడం పరిపాటి. తప్పిన విద్యార్థి ఒకరిని తలచుకోవడం కూడా ధర్మమని తోచి, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితాన్ని ఇక్కడ సంగ్రహంగా చెప్పబూనుతున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న పశ్చిమగోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి ప్రభుత్వ రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వలన ఆయన ముందుగానే ఉద్యోగం విడువవలసి వచ్చింది. పిల్లలు ఎక్కువ, ఆదాయం తక్కువ. ఇంటి భారమంతా తల్లి మోసింది. బాలుడైన సుబ్బారావుకు చదువుపై మొదట్లో అంత శ్రద్ధ లేదు. కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలన్న ఊహతో ఇల్లు విడిచి పారిపోయి, పట్టుబడి తిరిగి వచ్చిన ఘట్టం ఆయన బాల్యంలో ఉంది. తల్లి మందలించి మళ్ళీ బడిలో వేసింది. రెండుసార్లు తప్పిన మెట్రిక్యులేషనులో మూడవసారి, మద్రాసు హిందూ హైస్కూలు విద్యార్థిగా కృతార్థులయ్యారు. తండ్రి మరణం, ఇంటి పేదరికం ఆ సంవత్సరాలలోనివే. ఆ మూడవ ప్రయత్నానికి ఫీజు కట్టడం ఆ తల్లికి ఎంత కష్టమై ఉంటుందో ఈ ప్రాంతపు తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివేనాటికి ఆయన మనసు వైరాగ్యం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని కోరుకున్నారు. తల్లి అనుమతి లేనిదే మఠంవారు స్వీకరించరు, తల్లి అనుమతించలేదు. వైద్యుడై రోగులకు సేవ చేయడమూ సన్యాసం వంటిదేనన్న దారి ఆయనకు తోచింది. ఆ విధంగా మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. చదువుకు సాయపడిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిని 1919లో వివాహమాడారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన దుఃఖం కూడా ఆ కాలానిదే. తోడబుట్టిన ఇద్దరు సోదరులు స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. ఎంత తిన్నా ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్రమంగా కృశించి పోయే జబ్బు అది. ఆనాటి వైద్యుల వద్ద దానికి మందు లేదు, ఎందుకు వస్తుందో కూడా తెలియదు. సుబ్బారావుగారికి సైతం ఆ వ్యాధి సోకింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన కోలుకున్నారు. అన్నదమ్ములను తీసుకుపోయినది, తనను విడిచిపెట్టినది ఏమిటి అన్న ప్రశ్న ఆయనను జీవితాంతం వెంటాడింది.

వైద్య కళాశాలలో ఆయనకు మరొక ఎదురుదెబ్బ తగిలింది. గాంధీజీ పిలుపు విని, శస్త్రచికిత్స గదిలో ధరించే వస్త్రం సైతం ఖద్దరుతో కుట్టించుకున్నందుకు ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహం కలిగింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య సర్వీసులో ప్రవేశం దొరకలేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. అక్కడి మూలికల పరిచయం, మందు దేనిలో ఉంది, అది ఒంటిలో ఏం చేస్తుంది అనే ఆలోచనకు పదును పెట్టింది.

మామగారి సాయంతోను, కాకినాడ ప్రాంతపు మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహకారంతోను 1922లో ఆయన అమెరికాకు ఓడ ఎక్కారు. గర్భవతియైన భార్యను పుట్టింట విడిచి, త్వరలో తిరిగి వస్తానన్న నమ్మకంతో బయలుదేరారు. అక్టోబరు చివరలో బోస్టను నగరం చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదివారు. అమెరికాలో వైద్యం చేసే అర్హత లేనందున, పొట్టపోసుకొనడానికి ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. మద్రాసులో వైద్య పట్టా పొంది, కళాశాలలో పాఠం చెప్పిన మనిషి ఆ పని చేయడానికి సిగ్గుపడలేదు.

డిప్లొమా అనంతరం హార్వర్డులోనే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరారు. రక్తంలోను, కండరంలోను భాస్వరం ఎంత ఉన్నదో కచ్చితంగా కొలిచే సులభమైన పద్ధతి అప్పటికి లేదు. కలిపిన రసాయనాల వలన ద్రవం నీలిరంగుకు తిరిగితే, ఆ రంగు గాఢతను బట్టి భాస్వరాన్ని లెక్కగట్టే విధానాన్ని వీరిద్దరు 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో జీవరసాయన విద్యార్థులు తరతరాలుగా దానిని చదువుతున్నారు. మెట్రిక్యులేషను తప్పిన బాలుని పేరు ప్రపంచపు పాఠ్యపుస్తకాలలోకి ఎక్కింది.

ఆ కొలబద్ద చేతికి వచ్చాక, కండరంలో దాగిన శక్తి రహస్యం బయటపడింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అని అందరూ పిలిచే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను ఈ జంట వెలికితీసింది. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా ఎ.టి.పి.ని కనుగొన్నారు. జీవకణానికి ఎ.టి.పి. చిల్లర నాణెం వంటిది. తిన్న అన్నం నుండి వచ్చిన శక్తి ముందుగా ఈ నాణెంగా మారితే తప్ప కణం దానిని ఖర్చు పెట్టలేదు.

ఆ నాణేనికి కంటితో ఉన్న సంబంధాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. కంటి వెనుక గోడకు అతికి ఉన్న నేత్రపటలం శరీరంలో అత్యధికంగా శక్తిని ఖర్చు చేసే కణజాలాలలో ఒకటి. మనం చీకటిలో కళ్ళు మూసుకుని ఉన్నా దానికి విశ్రాంతి లేదు. చీకటిలో దండకణాలలోకి సోడియం నిరంతరం ప్రవహిస్తూ ఉంటుంది, దానిని బయటకు తోడివేయడానికి ఎ.టి.పి. అడ్డూ ఆపూ లేకుండా ఖర్చవుతూ ఉంటుంది. వెలుగు పడినపుడు ఆ ప్రవాహం తగ్గి, వెలుగు పడిందన్న కబురు మెదడుకు పోతుంది. కావున శక్తి సరఫరా తగ్గితే ముందుగా దెబ్బతినే చోట్లలో చూపు ఒకటి. యౌవనంలో, ముఖ్యంగా మగవారిలో, నొప్పి లేకుండా ఒక కన్ను తరువాత మరొక కన్ను చూపు కోల్పోయే లీబర్ వ్యాధి ఇందుకు ఉదాహరణ. కణంలో ఎ.టి.పి.ని తయారుచేసే మైటోకాండ్రియాల జన్యుపదార్థంలోని చిన్న మార్పు దీనికి మూలమని 1988లో తేలింది. ఆ శక్తి ఉత్పత్తి గొలుసుకు ఆసరా ఇచ్చే ఐడెబినోన్ అనే మందుకు 2015లో ఐరోపాలో అనుమతి లభించింది. అది అందరికీ పూర్తి చూపును తిరిగి ఇవ్వదు. అయినా వ్యాధి ఎక్కడ పుడుతున్నదో తెలిసినందువలననే మందుకు ఒక గురి దొరికింది.

హార్వర్డులో 1930లో పిహెచ్.డి. పట్టం వచ్చినా, సుబ్బారావుగారికి స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. 1940లో న్యూయార్కు సమీపంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి, కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ ప్రశ్నకు సమాధానం వెదికే అవకాశం అక్కడ పూర్తిగా చిక్కింది. 1930 ప్రాంతాన లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలిస్తూ, ఈస్టు సారంలోని ఏదో పోషకం దానిని నయం చేస్తున్నదని గమనించారు. ఆ పోషకమే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావుగారి నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేయగలిగింది. స్ప్రూ రోగులకు ఆ మందు ఇచ్చి చూడగా వారు కోలుకోసాగారు. అన్నదమ్ములు మరణించిన పాతికేళ్ళకు పైబడిన తరువాత, ఏడు సముద్రాల అవతల, ఆ జబ్బుకు మందు దొరికింది. ఆ రెండు చావులు చూసిన మనిషికి ఆ ఆనందంలో ఎంత దుఃఖం కలిసి ఉండి ఉంటుందో ఊహించుకోవలసిందే.

అంతటితో ఆయన ఆగలేదు. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిని పనికివచ్చే రూపంలోకి మార్చే ఎంజైము ఒకటి కణంలో ఉంది, దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. ఎంజైము తాళం అయితే ఫోలిక్ ఆమ్లం తాళపుచెవి. అచ్చు అదే ఆకారంలో ఉండి, తాళంలో దూరి ఇరుక్కుపోయి తిరగని దొంగచెవిని తయారుచేస్తే, అదుపు లేకుండా పెరిగే కణాల ఆట కట్టవచ్చు. ఆ ఎంజైము వివరాలు శాస్త్రవేత్తలకు తరువాతి దశాబ్దంలో గాని తెలియరాలేదు. కాని అటువంటి దొంగచెవులను సుబ్బారావుగారి బృందం 1947 నాటికే సిద్ధం చేసింది. వాటిలో మొదట పేరుపొందినది అమినోప్టెరిన్, తరువాత నిలిచినది మెథోట్రెక్సేట్. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వగా, 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనబడిందని 1948 జూనులో ప్రకటించారు. అప్పటివరకు ఆ జబ్బు వచ్చిన పిల్లవాని తల్లిదండ్రులకు చెప్పడానికి వైద్యుని వద్ద ఆశాజనకమైన మాట ఒక్కటీ ఉండేది కాదు.

ఈ మెథోట్రెక్సేట్ కంటి వైద్యంలోకి వచ్చిన తీరు గమనించదగినది. కంటి లోపలి రంగుపొరలు వాచి, ఎర్రబడి, చూపు మసకబారే వ్యాధిని యువియైటిస్ అంటారు. శరీరాన్ని కాపాడవలసిన రక్షక కణాలే పొరపాటున కంటిపై దాడిచేయడం దీనిలో తరచు కనిపించే కారణం. స్టీరాయిడ్ మందులు వాపును త్వరగా తగ్గిస్తాయి గాని, దీర్ఘకాలం వాడితే అవే శుక్లాలను, నీటికాసులను తెచ్చిపెడతాయి. చూపు కాపాడే మందు చూపునే తినివేయడం వైద్యునికి పెద్ద చిక్కు. తక్కువ మోతాదులో ఇచ్చిన మెథోట్రెక్సేట్ రక్షక కణాల ఉద్ధృతిని అణచి, స్టీరాయిడ్ అవసరాన్ని తగ్గిస్తుంది. అది వాపును తగ్గించే మార్గాలలో ఒకటి, కణాల వెలుపల అడినోసిన్ అనే పదార్థాన్ని పెంచడం. ఎ.టి.పి. పేరులోని తొలి భాగమైన అడినోసిన్ అదే. సుబ్బారావుగారి రెండు శోధనలు ఆ విధంగా కంటి లోపల మళ్ళీ కలుసుకున్నాయి.

2019లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఈ విషయాన్ని పరీక్షకు పెట్టింది. భారతదేశంతో కలిపి ఐదు దేశాలలో జరిగిన ఆ పరీక్షలో తమిళనాడులోని అరవింద్ కంటి ఆసుపత్రులు కూడా పాల్గొన్నాయి. తీవ్రమైన యువియైటిస్ ఉన్న 216 మందిలో సగం మందికి మెథోట్రెక్సేట్, సగం మందికి మైకోఫినోలేట్ అనే, దానికంటె కొత్తదైన మందు ఇచ్చారు. ఆరు నెలల తరువాత చూస్తే కొత్తమందు పాతమందును మించలేదు. మెథోట్రెక్సేట్ పొందినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి వ్యాధి అదుపులోకి వచ్చింది. 1940ల నాటి అణువు, 70 సంవత్సరాల తరువాత కూడా తక్కువ ఖర్చుతో పనికివస్తున్నదంటే, దాని వెనుకనున్న ఆలోచన ఎంత గట్టిదో తెలుస్తుంది.

అయితే ఈ మాత్ర రోజూ మింగేది కాదు. వారానికి ఒకసారి, వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలతో వాడవలసినది. వారపు మోతాదును పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం కలుగవచ్చు, గర్భవతులు వాడనే కూడదు. మెథోట్రెక్సేట్ వలన నోటి పూత, రక్తహీనత వంటి ఇబ్బందులు రాకుండా వైద్యులు ఫోలిక్ ఆమ్లం మాత్రను తోడుగా ఇస్తారు. దొంగచెవిని చేసినదీ, అసలు చెవిని చేసినదీ ఒకే ప్రయోగశాల. ఒకటి వ్యాధిని అణచుతుంది, రెండవది శరీరాన్ని కాపాడుతుంది. మొదట చెప్పుకొన్న రెండు మాత్రల కథ ఇదే.

ఇక పసుపుపచ్చని లేపనం సంగతి. లెడర్లీలో సుబ్బారావుగారి నాయకత్వాన, పదవీవిరమణ వయస్సు దాటిన బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టి నమూనాలను వరుసగా పరీక్షిస్తూ వచ్చారు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టిలో బంగారురంగు సూక్ష్మజీవి ఒకటి కనబడింది. దాని నుండి వచ్చినదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి బిడ్డ. 1948 జులైలో దీనిని లోకానికి ప్రకటించారు. అనతికాలంలోనే కంటి అంటువ్యాధులకు కూడా దానిని వాడసాగారు.

ఆ కాలంలో లోకంలో కోట్లమంది చూపును హరించిన అంటువ్యాధి ట్రకోమా. నీటి కొరత, ముఖం కడుగని పసిపిల్లలు, ఈగలు ఉన్నచోట అది వ్యాపిస్తుంది. మాటిమాటికి సోకి సోకి రెప్ప లోపల మచ్చలు పడి, రెప్ప లోనికి ముడుచుకుని, వెంట్రుకలు కనుగుడ్డును రాచి రాచి చివరకు చూపు పోతుంది. మన దేశంలో ఇది పంజాబు, రాజస్థాన్ వంటి వాయవ్య రాష్ట్రాలలో ఎక్కువగా ఉండేది. దీనికి కారణమైన క్లమీడియా అనే సూక్ష్మజీవి కంటి పొర కణాల లోపలే కాపురం పెట్టి, తనకు కావలసిన ఎ.టి.పి.లో చాలా భాగాన్ని ఆ కణం నుండే దొంగిలిస్తుంది. నేత్రపటలాన్ని వెలిగించే నాణేన్నే కంటి రెప్పలోని దొంగ కాజేస్తాడన్న మాట. ఆ నాణేన్ని గుర్తించిన మనిషి నడిపిన ప్రయోగశాల నుండే ఆ దొంగను పట్టే మందు కూడా వచ్చింది. సూక్ష్మజీవి తన ప్రోటీనులను అల్లుకొనే యంత్రం పేరు రైబోసోము. టెట్రాసైక్లిన్ ఆ యంత్రపు చిన్న భాగానికి అంటుకుని, ముడిసరుకు లోనికి రాకుండా అడ్డుపడుతుంది.

మన ప్రభుత్వం 1963లో ట్రకోమా నివారణ పథకాన్ని చేపట్టింది. టెట్రాసైక్లిన్ లేపనం దశాబ్దాల పాటు అందులో ప్రధానాయుధం. తరువాత అజిత్రోమైసిన్ అనే మరొక మందు, ముఖశుభ్రత, మంచినీటి వసతి, రెప్పకు శస్త్రచికిత్స దానికి తోడయ్యాయి. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా రూపుమాపిందని ప్రకటించింది. ఒక్క మందు వలననే ఈ విజయం రాలేదు. నీళ్ళు తెచ్చినవారికి, పిల్లల ముఖాలు కడిగిన తల్లులకు, బడిలో శుభ్రత నేర్పిన ఉపాధ్యాయులకు కూడా ఇందులో వాటా ఉంది.

సుబ్బారావుగారి శోధనలన్నీ కంటికి మేలే చేశాయని చెబితే అది సత్యం కాదు. బోదకాలు వ్యాధికి ఆయన నాయకత్వాన 1947లో వెలువడిన హెట్రజాన్, అనగా డైఇథైల్ కార్బమజీన్, నేటికీ మన దేశపు బోదకాలు నివారణ కార్యక్రమంలో ఉంది. కాని ఆఫ్రికాలో ఏటి ఒడ్డున నల్ల ఈగల ద్వారా వచ్చే నది అంధత్వం రోగులకు దానిని ఇచ్చినపుడు, క్రిములు చచ్చినా కళ్ళలో వాపు ముదిరి కొందరికి చూపు మరింత చెడింది. 1987లో ఐవర్‌మెక్టిన్ వచ్చిన తరువాత ఆ వ్యాధికి హెట్రజాన్ వాడకం మానుకున్నారు. ఆ క్రిముల ఒంటిలో వోల్బాకియా అనే సూక్ష్మజీవులు నివసిస్తాయని, క్రిమి చచ్చినపుడు అవి బయటపడి కార్నియాలో వాపు రేపుతాయని 2002లో నిరూపితమైంది. విచిత్రమేమంటే, ఆ సూక్ష్మజీవులను నిర్మూలించి క్రిమిని గొడ్రాలిని చేసే డాక్సీసైక్లిన్, ఆరియోమైసిన్ కుటుంబానికే చెందిన మందు. ఒక మందు ఎందుకు కీడు చేసిందని వెదకినపుడే మరొక గురి కనబడింది.

ఇంత సాధించిన మనిషి జీవితంలో వెలితి కూడా అంతే పెద్దది. ఆయన ఓడ ఎక్కిన తరువాత పుట్టిన కుమారుడు పసికందుగానే అంటువ్యాధితో మరణించాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడలేదు. త్వరలో తిరిగి వస్తానని వెళ్ళిన భర్తను శేషగిరమ్మగారు మళ్ళీ చూడలేదు. పని మీద పని, పరిశోధన మీద పరిశోధన, ఆపైన యుద్ధం, ఇలా ఇరవైఆరు సంవత్సరాలు గడచిపోయాయి. ఆమె నిరీక్షణ ఏ పత్రికలోను శోధనగా నమోదు కాలేదు. ఈ మందుల ఖరీదును లెక్కగట్టేవారు ఆ ఇల్లాలి జీవితాన్ని కూడా లెక్కలో వేయవలసి ఉంటుంది. ఆయనను పొగడుతూ ఆమెను మరవడం న్యాయం కాదు.

ఆరియోమైసిన్ ప్రకటన వెలువడిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు న్యూయార్కు ప్రాంతంలోని తమ నివాసంలో నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. చివరి వరకు ఆయన అమెరికా పౌరులు కాలేదు. నోబెల్ బహుమతి రాలేదు. తన బృందం సాధించిన వాటికి సహచరుల పేర్లు ముందు నిలిపి తాను వెనుక నిలబడడం ఆయన స్వభావం. స్వదేశం ఆయనను ఆలస్యంగా తలచుకుంది. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్ళను విడుదల చేసింది.

ఈ జీవితం నుండి మన పాఠశాల పిల్లలు గ్రహించవలసినది పరీక్ష తప్పినా ఫరవాలేదన్నది కాదు. తప్పిన తరువాత మూడవసారి కూర్చోవడానికి ఓపిక పట్టిన బాలుడు, మూడవసారి ఫీజు కట్టడానికి వెనుదీయని తల్లి, ఇద్దరూ కావాలి. జబ్బును చూసి భయపడడంతో ఆగక, అది ఎందుకు వచ్చింది, ఒంటిలో ఏ తాళానికి ఏ చెవి సరిపోతుంది అని అడిగే అలవాటు కావాలి. సుబ్బారావుగారు తెలుగు నేల మీద పుట్టి, తెలుగులోనే మొదటి అక్షరాలు దిద్ది, ప్రపంచపు భాషలో సమాధానం చెప్పారు. అక్షరాభ్యాసం మాతృభాషలో జరిగినందువలన ఆయనకు కొరవడినది ఏమీ లేదు.

ఈ సంచిక చదివే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వవిద్యార్థులు ఏనాడైనా కాట్పాడిలో దిగి కంటి ఆసుపత్రి వరుసలో నిలబడితే, చేతికి ఇచ్చిన లేపనాన్ని, మాత్రను ఒక్కసారి చూడగలరు. అందులో ఒక భీమవరం బాలుని రెండు ఓటములు, రెండు చావుల దుఃఖం, ఒక ఇల్లాలి నిరీక్షణ కలిసి ఉన్నాయి. మన తరగతి గదులలో చివరి బల్ల మీద కూర్చున్న ఏ పిల్లవాడిలోనో, ఏ పిల్లలోనో అటువంటి ప్రశ్న ఒకటి ఈ రోజు మొలకెత్తుతూ ఉండవచ్చు. ఆ ప్రశ్న అడిగేదాకా ఆ బిడ్డను బడిలో నిలుపుకోవడమే ఈ ప్లాటినం ఉత్సవ వేళ మనం చేయగల సంకల్పం.